కళాకారులూ శాస్త్రవేత్తలూ ఒకచోట కూర్చుంటే

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉంటున్న మా అమ్మాయి అక్కడ 'లేజర్' అనే పేరుతో జరిగే సాయంకాలపు సభలకు వెళ్తున్నదట. ఒకే వేదిక మీద చిత్రకారులూ జీవశాస్త్రవేత్తలూ మాట్లాడతారని చెప్పింది. లేజర్ కిరణానికీ ఈ సభలకూ సంబంధమేమిటి? వీటిని ఎవరు మొదలుపెట్టారు?
– విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కిరణానికీ సభలకూ సంబంధం లేదండి. 'లియొనార్డో ఆర్ట్ సైన్స్ ఈవినింగ్ రాండెవూ' అన్న పేరులోని మొదటి అక్షరాలను కలిపితే ఆ మాట వచ్చింది. రచయిత పియరో స్కరూఫీ 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో వీటిని ప్రారంభించారు. ఆ తరువాత ఈ పద్ధతి అనేక దేశాల నగరాలకు వ్యాపించింది. ఆయన నిర్వహించిన సభలలో సాధారణంగా నలుగురు వక్తలు ఉంటారు, ఒక్కొక్కరికి సుమారు 25 నిమిషాల సమయం ఇస్తారు, మధ్యలో విరామం ఉంటుంది. ఆ విరామానికి ముందో తరువాతో, సభకు వచ్చినవారిలో కళకూ విజ్ఞానశాస్త్రానికీ నడుమ ఏదైనా పని చేస్తున్న వారెవరైనా లేచి, 30 సెకన్లలో తమ పనిని గురించి చెప్పుకోవచ్చు. నా దృష్టిలో ఆ సభల ఆయువుపట్టు ఆ 30 సెకన్లే. ఎందుకంటే ప్రేక్షకులలో కూర్చున్న మనిషి కూడా అక్కడ వక్తే అవుతాడు.

పేరులోని 'లియొనార్డో' వెనుక ఇంకా పాత కథ ఉంది. మీరు భౌతికశాస్త్రం బోధించినవారు కనుక అది మీకు ప్రత్యేకంగా నచ్చుతుందని అనుకుంటున్నాను. 1936 అక్టోబరు 31న కాలిఫోర్నియాలోని పాసడీనా దగ్గర ఎండిపోయిన ఒక వాగులో కొందరు యువకులు రాకెట్ మోటారును పరీక్షించారు. వారిలో ముఖ్యుడైన ఫ్రాంక్ మలీనా తరువాత జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ అనే రాకెట్ పరిశోధన సంస్థ స్థాపకులలో ఒకరయ్యారు. ఆయన నేతృత్వంలో రూపొందిన 'వాక్ కార్పొరల్' రాకెట్ 1945లో సుమారు 70 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. అంతటి ఇంజనీరు యుద్ధం ముగిసిన తరువాత రాకెట్లను వదిలి, పారిస్‌లో యునెస్కోలో చేరి, 1953లో ఆ ఉద్యోగాన్ని కూడా విడిచిపెట్టి పూర్తికాలపు చిత్రకారుడయ్యారు. ఆయన చిత్రాలలో దీపానికీ, రంగులు వేసిన పలకకూ మధ్య రంగుల బిళ్లలు మోటారు సాయంతో తిరుగుతుంటాయి. అందువల్ల చూస్తుండగానే బొమ్మ మారిపోతుంది.

1968లో ఆయన పారిస్ నుంచి 'లియొనార్డో' పత్రికను ప్రారంభించారు. శాస్త్రవేత్త తన ప్రయోగాన్ని గురించి తానే వ్యాసం రాస్తాడు, కళాకారుడి పనిని గురించి మాత్రం ఎప్పుడూ విమర్శకుడే ఎందుకు రాయాలి అన్నది ఆ పత్రిక వెనుక ఉన్న ప్రశ్న. అందుకే అందులో కళాకారులు తమ పద్ధతులను, పదార్థాలను, తాము పడిన ఇబ్బందులను తామే వివరించారు. మలీనా 1981లో మరణించారు. మరుసటి ఏడాది ఆయన కుమారుడు, ఖగోళశాస్త్రవేత్త రోజర్ మలీనా తదితరులు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సంస్థను ఏర్పాటు చేసి పత్రికను కొనసాగించారు. మీ అమ్మాయి వెళ్తున్న సభలు ఆ సంస్థ నీడన పెరిగినవే.

ప్రశ్న: నేను చిత్రకారిణిని. ఇలాంటి కార్యక్రమాలకు నన్ను రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ శాస్త్రవేత్త ఉపన్యసిస్తుంటే పక్కన నన్ను బొమ్మ వేయమన్నారు. చివర శాలువా కప్పారు. నేను అక్కడ ఎందుకున్నానో నాకే అర్థం కాలేదు. ఈ సభలంటే ఇంతేనా?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇంతే కాదమ్మా, మీ బాధ న్యాయమైనది. మిమ్మల్ని సంభాషణకు పిలిచి వేదికకు అలంకారంగా నిలబెట్టారు. ఇది మన దగ్గరే కాదు, చాలాచోట్ల జరుగుతున్నదే. ఇద్దరి చేతుల్లోనూ ఒకే పని లేనప్పుడు, ఎంత మర్యాదగా పిలిచినా, ఒకరు ప్రధాన వక్తా రెండవవారు వినోదమూ అయిపోతారు.

అలా కానిది ఎలా ఉంటుందో చెప్పడానికి 1966 అక్టోబరు 13 నుంచి 23 వరకు న్యూయార్క్‌లోని ఒక పాత సైనిక భవనంలో జరిగిన 'నైన్ ఈవినింగ్స్' ప్రదర్శనలను చూపించాలి. బెల్ లేబొరేటరీస్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థలో పనిచేసే ఇంజనీరు బిల్లీ క్లూవర్, చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ కలిసి పదిమంది కళాకారులను, సుమారు 30 మంది ఇంజనీర్లను నెలల తరబడి ఒకచోట చేర్చారు. రౌషెన్‌బర్గ్ ప్రదర్శనలో ఇద్దరు టెన్నిస్ ఆడతారు. వారి టెన్నిస్ రాకెట్ పిడిలో ఇంజనీర్లు చిన్న ప్రసారిణిని (ట్రాన్స్‌మిటర్‌ను) అమర్చారు. బంతి తగిలిన ప్రతిసారీ హాలంతటా గంట మోగినట్లు శబ్దం వస్తుంది, పైన ఒక దీపం ఆరిపోతుంది. దీపాలన్నీ ఆరిపోయాక ఆట ముగుస్తుంది. అప్పుడు ఆ చీకటిలోకి వందలాది మంది నడిచి వచ్చి నిలబడతారు. వారు కంటికి కనిపించరు, పరారుణ కెమెరాల ద్వారా తెరల మీద మాత్రమే కనిపిస్తారు. సంగీతకారుడు జాన్ కేజ్ నగరంలోని ఒక రెస్టారెంట్, విద్యుత్ కేంద్రం, పత్రికా కార్యాలయం, తప్పిపోయిన కుక్కలను ఉంచే చోటు, ఇలా పలుచోట్లకు టెలిఫోన్ లైన్లు తెరిచి ఉంచి, అక్కడి శబ్దాలతోనే తన కచేరీని నడిపారు.

ఇందులో ఇంజనీరు లేకపోతే కళాకారుడి ఆలోచన కాగితం దాటి రాదు, కళాకారుడు లేకపోతే రాకెట్ పిడిలో ప్రసారిణిని అమర్చాలన్న అవసరమే ఇంజనీరుకు ఏనాడూ కలగదు. ఆ సాయంత్రాలలో యంత్రాలు మొరాయించాయి, ప్రదర్శనలు ఆలస్యమయ్యాయి, విమర్శకులు కఠినంగా రాశారు. అయినా ఆ ఏడాది చివరిలోనే 'ఎక్స్‌పెరిమెంట్స్ ఇన్ ఆర్ట్ అండ్ టెక్నాలజీ' అనే సంస్థ ఏర్పడితే, సాంకేతిక సహాయం కోరుతూ వందలాది మంది కళాకారులు ముందుకు వచ్చారు. మిమ్మల్ని ఈసారి ఎవరైనా పిలిస్తే, "ఆ శాస్త్రవేత్తను నేను సభకు ముందు ఎన్నిసార్లు కలుస్తాను?" అని దయచేసి అడగండి. సమాధానం "సభలోనే" అయితే, మీ రంగులు మీ దగ్గరే ఉంచుకోవచ్చు.

ప్రశ్న: టాగోర్, ఐన్‌స్టయిన్‌ల సంభాషణను ఈ కోవలో మొదటిదిగా చెప్పవచ్చా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: మొదటిదని చెప్పలేము, గొప్పదని చెప్పవచ్చు. అయితే అందరూ ఉదాహరించే 1930 జూలై 14 నాటి మాటల కంటే, అదే ఏడాది ఆగస్టులో వారు మళ్లీ కలిసినప్పటి మాటలే నాకు ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. బెర్లిన్ సమీపంలోని కాపుత్‌లో ఐన్‌స్టయిన్ ఇంట జరిగిన జూలై సంభాషణలో, సత్యం మనిషితో నిమిత్తం లేకుండా ఉంటుందా అన్న విషయంపై ఇద్దరూ ఎవరి మాట మీద వారు నిలబడ్డారు. ఆగస్టులో మాట సంగీతం వైపు మళ్లింది. భారతీయ గాయకుడికి ఎంత స్వేచ్ఛ ఉంటుందో, పాటలోని మాటలను కూడా అతడు మార్చవచ్చునో లేదో ఐన్‌స్టయిన్ అడిగారు. బెంగాల్ కీర్తనలో గాయకుడు మధ్యమధ్య తన సొంత మాటలను చేర్చవచ్చునని టాగోర్ వివరించారు. హరికథ విన్న మనకు ఈ సంగతి తేలికగానే అర్థమవుతుంది. వయొలిన్ వాయించే శాస్త్రవేత్త, పాటలు కట్టే కవిని తనకు నిజంగా తెలియని విషయం అడిగిన ఘడియ అది.

ప్రశ్న: మా కళాశాలలో ఇలాంటి సభ ఒకటి జరపాలని మిత్రులమంతా అనుకుంటున్నాము. మా దగ్గర డబ్బు లేదు, పెద్ద పేర్లూ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఎం.ఎస్సీ. విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీ ఊరిలోనే మొదలుపెట్టండి. సి.వి.రామన్ బాల్యం, పాఠశాల చదువు సాగినది విశాఖపట్నంలోనే. ఆయన తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించారు. కాంతి పరిక్షేపణంతో నోబెల్ బహుమతి పొందడానికి పదేళ్ల ముందే, 1920లో, రామన్ మన చర్మవాద్యాల నాదాన్ని గురించి శివకాళీ కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో రాశారు. 1934లో మరింత వివరమైన పత్రాన్ని ప్రచురించారు.

ఆయన పట్టుకున్న ప్రశ్న చాలా చక్కనిది. గుండ్రంగా బిగించిన మామూలు చర్మాన్ని కొడితే పుట్టే అతిస్వరాలు (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు) ప్రాథమిక పౌనఃపున్యానికి, అంటే అసలు స్వరపు కంపన వేగానికి, రెట్టింపు, మూడు రెట్లు అన్న లెక్కలో ఉండవు. మొదటి అతిస్వరమే సుమారు 1.59 రెట్లు ఉంటుంది. అందుకే చాలా డప్పులకు చప్పుడే తప్ప నిర్దిష్టమైన శ్రుతి ఉండదు. మరి మృదంగం, తబలా తంబురాతో ఎలా కలుస్తున్నాయి? చర్మం నడుమ పొరలు పొరలుగా దట్టించిన నల్లని ముద్దలో ఉన్నది ఆ రహస్యం. ఆ బరువు వల్ల తొమ్మిది రకాల కంపనాలు సర్దుకుని ఐదు శ్రుతిబద్ధమైన స్వరాలుగా కుదురుకుంటాయని రామన్ చూపించారు. చర్మం మీద మెత్తని ఇసుక చల్లి, కొట్టినప్పుడు అది ఏ గీతల వెంట పోగవుతుందో గమనించి ఆ కంపనాల రూపాలను కళ్లకు కట్టించారు.

మీ సభకు ఇది చాలు. ఒక మృదంగ విద్వాంసుడిని, మీ భౌతికశాస్త్ర అధ్యాపకులలో ఒకరిని, తప్పనిసరిగా మృదంగాలు చేసే పనివారిని ఒకరిని పిలవండి. ముగ్గురినీ సభకు ముందు కనీసం రెండుసార్లు కలిపి కూర్చోబెట్టండి. ఆ ముద్దను ఎంత మందంగా వేయాలో, ఎక్కడ ఆపాలో పనివారి వేళ్లకు తెలిసినంతగా ఏ సమీకరణానికీ తెలియదు. ఆ వేళ్లకు తెలిసినది ఎందుకు నిజమో అధ్యాపకులు చెప్పగలరు. విద్వాంసుడు ఏ వేలితో ఎక్కడ తాకితే ఏ కంపనం అణగిపోతుందో ఇసుకే చూపుతుంది. ఒక్కొక్కరికి 15 నిమిషాలకు మించి ఇవ్వవద్దు. స్వాగత వచనాలను, సన్మానాలను పూర్తిగా మానేయండి. అవి తినేసే సమయమే మీకు కావలసిన సమయం. పాతబడిన మృదంగం ఒకటి దొరికితే, మంచి వాద్యం పాడవుతుందన్న భయం లేకుండా, సభ ముగిశాక దానిని ఇసుకతో సహా బల్ల మీద వదిలి, వచ్చినవారిని ఒక్కొక్కరిగా కొట్టి చూడనివ్వండి.