ఇల్లు అత్తగారి పేరు మీద ఉంటే దెబ్బలు తిన్న చెల్లే బయటికి రావాలా?

గుంటూరులో మీ చెల్లిని మొగుడు కొడుతున్నాడు, అదేంటంటే ఇల్లు మా అమ్మది నీకేం హక్కుంది పొమ్మంటున్నాడు, గవర్నమెంట్ నుంచి నిజంగా ఏమైనా సాయం దొరుకుతుందా అని అడిగారు కదా. దొరుకుతుందండీ, కాకపోతే ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి ఉంటుంది, మేం తప్పు చోట మొదలుపెట్టి నాలుగు నెలలు పోగొట్టుకున్నాం.

మా అక్కని కూడా గుంటూరే ఇచ్చాం. మేం ఉండేది విజయవాడ. మొదటిసారి గొడవ పెద్దదైనప్పుడు నేరుగా స్టేషన్‌కి వెళ్ళాం, అక్కడ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కౌన్సెలింగ్ అన్నారు, పిల్లలున్నారు కదమ్మా సర్దుకుపోవాలి అన్నారు, బావ తెల్ల కాగితం మీద ఇంకెప్పుడూ చెయ్యి చేసుకోనని రాసిచ్చి అక్కని అదే బండి మీద ఎక్కించుకుని వెళ్ళాడు. ఆ కాగితం చూసి మేం నెలల తరబడి నమ్మకం పెట్టుకున్నాం, అదీ మా తెలివి! చివరికి ఒక రాత్రి అక్క పిల్లల్ని తీసుకుని ఆఖరి బస్సుకి విజయవాడ వచ్చేసింది.

మా వీధి అంగన్వాడీ టీచర్ చెప్పింది దారి. గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్ అని ఉంటారు, మన దగ్గర అది జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ వాళ్ళే చూస్తారు, అంటే ఆ టీచర్ డిపార్ట్‌మెంటే. ఇంకో ముఖ్యమైన సంగతి, గుంటూరులో జరిగింది కాబట్టి గుంటూరులోనే వెయ్యాలని లేదు, దెబ్బలు తిన్న మనిషి ఇప్పుడు తలదాచుకున్న ఊళ్ళో అయినా కేసు వేసుకోవచ్చు. మేం విజయవాడలోనే వేశాం.

ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర డీఐఆర్ అని, అంటే ఇంట్లో జరిగిన హింస మొత్తం రాసే రిపోర్టు, ఒక ఫారం రాస్తారు. కొట్టడం ఒక్కటే కాదు, తిట్టడం, అనుమానించడం, ఏటీఎం కార్డు లాక్కోవడం, బంగారం తాకట్టు పెట్టేసుకోవడం అన్నిటికీ వేరే వేరే గడులున్నాయి. ఏ తేదీన జరిగిందమ్మా అని కౌన్సెలర్ అడిగితే నేనూ అమ్మా మొహాలు చూసుకున్నాం. అక్క సంచిలోంచి పిల్లల బట్టల మధ్య చుట్టిపెట్టిన గోడ క్యాలెండర్ తీసింది. ఒక్కో గడిలో అర, లీటరు, అర అని పాల లెక్క, కొన్ని గడుల్లో మూలకి పెన్నుతో చిన్న చుక్క. చుక్క ఉందంటే ఆ రోజు కొట్టినట్టు. కౌన్సెలర్ ఏం మాట్లాడకుండా ఒక్కో తేదీ ఎక్కించుకుంది, మా అమ్మ మాత్రం బయటికెళ్ళి కూర్చుంది. మీ చెల్లిని కూడా ఏదో ఒకచోట తేదీలు రాసుకోమనండి, దెబ్బ తగిలితే గవర్నమెంట్ ఆస్పత్రిలో చూపించుకుని కాగితం తెచ్చుకోమనండి.

ఇంక ఇంటి సంగతి. 2005 నాటి ఈ గృహహింస చట్టంలో కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకి ఉంది, అత్తమామల పేరు మీద ఉన్నా అది వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అలాగని అత్తగారిని బయటికి పంపరు, ఈ చట్టం కింద ఏ ఆడమనిషినీ ఇంట్లోంచి పంపించేలా ఆర్డర్ ఇవ్వరు. లాయర్‌కి మేం రూపాయి ఇవ్వలేదు, న్యాయసేవాధికార సంస్థకి వెళ్తే ఆడవాళ్ళకి జీతం ఎంతన్నదానితో పని లేకుండా ఉచితంగా పెడతారు.

60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చెయ్యాలని చట్టంలో ఉంది గానీ మాకు పదకొండు నెలలు పట్టింది. నాకు ఒళ్ళుమండేది ఇక్కడే, చట్టం బాగానే రాశారు, దాన్ని నడిపే మనుషులే సరిపడా లేరు, ఒక్కో ఆఫీసర్ నెత్తిన పది పనులు. మధ్యలో ఇంటెరిమ్ ఆర్డర్, అంటే కేసు తేలేలోపు ఇచ్చే తాత్కాలిక ఆర్డర్, వచ్చింది కాబట్టి బతికిపోయాం. ఆ ఆర్డర్ దాటితే ఏడాది వరకు జైలు, 20 వేల వరకు జరిమానా అనేసరికి బావ చెయ్యి ఆగింది. ఇప్పుడు అక్కా పిల్లలు అదే ఇంట్లో పై వాటాలో ఉంటున్నారు, కింద అత్తగారు, మాటల్లేవు, గ్యాస్ కనెక్షన్ కూడా వేరే.

మీ చెల్లి ఫోన్ అతని చేతిలో ఉంటే మీ ఫోన్ నుంచే మహిళల హెల్ప్‌లైన్ 181కి చెయ్యండి, ప్రాణం మీదికొస్తే 112. కంప్లయింట్ ఆవిడే ఇవ్వాలని లేదు, సమాచారం ఎవరైనా ఇవ్వొచ్చు. హింసకి గురైన ఆడవాళ్ళ కోసం గవర్నమెంట్ నడిపే సఖి సెంటర్‌లో కొన్ని రోజులు ఉండనిస్తారు కూడా. ఆధార్, బ్యాంకు పుస్తకం, పెళ్ళి ఫోటో ఒకటి ఇప్పుడే తెప్పించి మీ దగ్గర పెట్టుకోండి, మా అక్క ఆధార్ ఆ ఇంట్లోనే ఉండిపోయి దానికోసం మూడు వారాలు తిరిగాం.