కలువ టీ తాగే ముందు

అమ్మలూ,

మూడు నెలలుగా నిద్ర పట్టడం లేదని, ఆఫీసు టెన్షన్ మంచం దాకా వస్తోందని, ఎవరో చెబితే 'బ్లూ లోటస్' టీ ప్యాకెట్, దాంతోపాటు చిన్న సీసాలో రెసిన్, అంటే ఆ పూల చిక్కటి సారం, తెప్పించుకున్నానని రాశావు. ఆ రెసిన్ సీసా మూత తీయకు. టీ సంగతి చెబుతాను, ముందు పువ్వేమిటో తెలుసుకో.

పేరులో లోటస్ ఉన్నా అది తామర కాదు, కలువ. తామరాకు నీళ్ళపైకి లేచి గొడుగులా నిలబడుతుంది, కాడ దాని నడిమధ్యన అంటుకుని ఉంటుంది. కలువాకు నీటిమీదే పరుచుకుంటుంది, అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది. నువ్వు కొన్నది ఈజిప్టు నీలి కలువ, నింఫియా సెరూలియా. అక్కడి పాత సమాధుల గోడల మీద జనం ఆ పువ్వును వాసన చూస్తున్న బొమ్మలున్నాయి. 1922లో బయటపడ్డ టూటన్‌ఖామున్ సమాధిలో దండల్లో కూడా దాని రేకులున్నాయి. మన చెరువుల్లో పూసే నల్లకలువ దానికి చెల్లెలు, నింఫియా నౌచాలి. శ్రీలంక వాళ్ళకు జాతీయ పుష్పం. కవులు కలువను చంద్రుడికి కట్టబెట్టారు గానీ, అది రాత్రి విచ్చే తెల్ల కలువ, ఎర్ర కలువ మాట. నీలిది పొద్దున్నే విచ్చుకుని పొద్దువాలేసరికి ముడుచుకుంటుంది. ముప్పై ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పానేమో, ఈ తేడాలు చెప్పకుండా ఉండలేను.

మీ అమ్మమ్మ కలువను నిద్రమందుగా ఎన్నడూ వాడలేదు. రోహిణికార్తె ఎండలకు కళ్ళు మండితే రేకులు మెత్తగా నూరి, మూసిన రెప్పల మీద పట్టు వేసేది. ఆ చల్లదనానికే మాకు కునుకు పట్టేది. ఆయుర్వేదంలో దీన్ని ఉత్పలం అంటారు. చలువ చేస్తుందని, పిత్తాన్ని, దాహాన్ని, ఒంటి మంటను తగ్గిస్తుందని వైద్యులు చెబుతారు. ఉశీరాసవం, చందనాసవం అనే ఆయుర్వేద మందుల్లో నీలోత్పలం, అంటే నల్లకలువ, పడుతుంది. కలువ దుంపలు ఉడకబెట్టుకుని తిన్న కుటుంబాలూ మన వైపు ఉన్నాయి. మేమైతే కాడను ఇటొక ముక్క, అటొక ముక్క విరిచి గొలుసు చేసి మెడలో వేసుకునేవాళ్ళం.

నిద్రకని టీ తాగడం ఈ మధ్య వచ్చిన వాడకం. కలువలో న్యూసిఫెరిన్ లాంటి ఆల్కలాయిడ్లు, అంటే మొక్కలో సహజంగా ఉండే రసాయనాలు, ఉన్నాయి, అవి మెదడు మీద పనిచేస్తాయి. రేకులు నానబెట్టిన నీళ్ళలో అవి కొద్దిగానే దిగుతాయి. రెసిన్ అంటే ఎన్నో పూల సారం ఒక్క చుక్కలోకి దించడం. వేపింగ్, అంటే ఆ సారాన్ని పరికరంతో ఆవిరి చేసి పీల్చడం, ఇంకా ప్రమాదం. అలా పీల్చి, మగతతో, అయోమయంతో ఆసుపత్రికి చేరిన అమెరికా సైనికుల కేసులు వైద్య పత్రికలో వచ్చాయి. అక్కడి లూసియానా రాష్ట్రం 2005లోనే దీన్ని మనుషుల వాడకానికి నిషేధించింది.

టీ తాగాలనే ఉంటే ఇలా చెయ్యి. రెండు పూల నుంచి వచ్చిన ఎండు రేకులు గ్లాసు వేడినీళ్ళలో వేసి పది నిమిషాలు మూత పెట్టు. మరిగించకు. కాస్త వగరుగా ఉంటుంది, పటికబెల్లం వేసుకో. మొదటి రోజు అరగ్లాసు చాలు. తాగాక స్కూటీ తీయకు. నిద్రమాత్రలు, మనసుకు సంబంధించిన మాత్రలు, మద్యం, వీటితో అస్సలు కలపకు. బీపీకి, షుగరుకు మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుని అడగాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు వద్దు. మీ అత్తగారు అడిగినా ఇవ్వకు, ఆవిడ ఏ మాత్రలు వేసుకుంటారో నీకు తెలియదు.

అసలు నా భయం నీళ్ళ గురించి. కలువ ఏ నీళ్ళలో పెరిగిందన్నదే ముఖ్యం. ఇప్పుడు మన కోనసీమలో వరి చేల మధ్య దాకా చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చేశాయి. వాటిలో వేసే మందులు మురుగు కాలువల్లోకి దిగుతాయి, ఆ కాలువల్లోనూ కలువలు అందంగానే పూస్తాయి. ఓ ఏడాది ఆ అందం చూసే నేను మోసపోయాను. రొయ్యల చెరువు గట్టు పక్కన కోసిన పూలతో టీ పెట్టి మీ పెదనాన్నకిచ్చాను. రాత్రంతా కడుపునొప్పి, వాంతులు. ఆ పూల వల్లేనని నా గట్టి నమ్మకం. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. వినాయక చవితికి బజారులో అమ్మే కలువలు దేవుడికి సరే, తాగడానికి వద్దు.

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటితో నిండే మన మంచినీళ్ళ చెరువులో తూర్పు మూల ఇంకా నల్లకలువలు ఉన్నాయి. పొద్దున ఎనిమిది దాటాక, పూర్తిగా విచ్చుకున్నవి మాత్రం కోస్తాను. పురుగులు పోయేలా దులిపి, ఉప్పునీళ్ళలో కడిగి, పాత పంచె మీద నీడలో ఆరబెడతాను. ఎండలో పెడితే రంగూ వాసనా రెండూ పోతాయి. రేకు గలగలమన్నాకే గాజు సీసాలోకి ఎత్తుతాను.

నీకు నా సలహా టీ కన్నా నూనె. గుప్పెడు ఎండు రేకులు పావు లీటరు నువ్వుల నూనెలో వేసి, సన్నని సెగ మీద పావుగంట ఉంచి వడకట్టు. పడుకునే ముందు అరికాళ్ళకు పట్టించి, పది నిమిషాలు మర్దన చేసుకో. ఫోను వేరే గదిలో పెట్టు. రెండు వారాలు చూసి, అప్పటికీ తెల్లవార్లూ మెలకువే అయితే డాక్టరుకి చూపించుకో, దానికి సిగ్గుపడకు. మూడు నెలలంటే తక్కువ కాదమ్మా.

రేకులు ఒక సీసా నిండా ఆరి ఉన్నాయి. ఆదివారం మీ నాన్న వస్తున్నాడు, ఇచ్చి పంపుతాను. దానికి బదులుగా ఆ రెసిన్ సీసా ఆయనకిచ్చెయ్యి.

నీ పెద్దమ్మ