క్లస్టర్ ట్రైనింగ్‌లో మొదటి పాఠం ఫెన్సింగే

మీ టీమ్‌లో ఐదుగురికీ లినక్స్ బాగానే వచ్చు, వారం రోజుల్లో పేస్‌మేకర్, కోరోసింక్ అనే సాఫ్ట్‌వేర్లతో హై అవైలబిలిటీ క్లస్టర్ (ఒక సర్వర్ పడిపోతే దాని పనిని ఇంకోటి అందుకునే ఏర్పాటు) కట్టడం నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఈ ట్రైనింగ్ నేను చాలాసార్లు ఇచ్చాను. కట్టడానికి ఒక్క రోజు చాలండి. మిగతా రోజులన్నీ దాన్ని పడగొట్టి చూడటానికి పెట్టుకోండి.

రెండు మెషిన్లు, ఒక ఫ్లోటింగ్ ఐపీ (ఒక మెషిన్ నుంచి ఇంకోదానికి మారగల అడ్రస్), ఒక వెబ్ సర్వర్ పెట్టి ఒక నోడ్‌ని, అంటే ఒక మెషిన్‌ని, పద్ధతిగా ఆపేస్తే ఐపీ రెండోదానికి వెళ్ళిపోతుంది. అది చూసి అందరూ వచ్చేసిందనుకుంటారు. నేనూ అక్కడే ఆగిపోయాను, అందుకే దెబ్బ తిన్నాను.

నా మొదటి డేటాబేస్ క్లస్టర్‌లో రెండు నోడ్‌లు, ఒక షేర్డ్ డిస్క్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్. నేను చూసి నేర్చుకున్న గైడ్‌లో స్టోనిత్ (జవాబివ్వని నోడ్‌ని బలవంతంగా ఆపేసే ఫెన్సింగ్ సెట్టింగ్) ఆఫ్ చేయమని ఉంటే చేసేశాను. నెలల తరబడి బాగానే నడిచింది. ఒక రాత్రి రెండు నోడ్‌ల మధ్య ఉన్న స్విచ్ పోయింది. రెండూ బతికే ఉన్నాయి, కానీ ఒకదాని మాట ఇంకోదానికి వినపడటం లేదు. అవతలిది చచ్చిపోయిందనుకుని రెండో నోడ్ అదే డిస్క్‌ని మౌంట్ చేసుకుని డేటాబేస్ స్టార్ట్ చేసింది. మొదటిది అప్పటికీ రాస్తూనే ఉంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఒకేసారి రెండు మెషిన్లు రాసుకోవడానికి చేసింది కాదు. తెల్లారేసరికి ఫైల్‌సిస్టమ్ మొత్తం పాడైంది. బ్యాకప్ తెచ్చి పెట్టినా ఆ రోజు ఎంట్రీలు తిరిగి రాలేదు. క్లస్టర్ లేకుండా ఒక్క సర్వరే ఉండుంటే అసలు ఏ నష్టమూ జరిగేది కాదు.

అందుకే మొదటి రోజే ఫెన్సింగ్ చెప్పండి. స్టోనిత్ అంటే 'షూట్ ది అదర్ నోడ్ ఇన్ ది హెడ్'. పేరు మొరటుగా ఉంటుంది కానీ విషయం అదే: జవాబు రానంత మాత్రాన అవతలి నోడ్ చచ్చినట్టు కాదు, దాని పవర్ మనమే తీసేసి ఖాయం చేసుకున్నాకే దాని పనిని ఇంకో నోడ్ ఎత్తుకోవాలి. క్లస్టర్‌కి అప్పజెప్పే ముందు ఫెన్స్ ఏజెంట్‌ని, అంటే ఆ పవర్ తీసే ప్రోగ్రామ్‌ని, కమాండ్ లైన్ నుంచి చేత్తో నడిపించమనండి. మెషిన్ నిజంగా ఆగి మళ్ళీ లేవడం వాళ్ళ కళ్ళతో చూడాలి.

వీలైతే ఒక్కసారైనా వర్చువల్ మెషిన్లు పక్కనపెట్టి నిజమైన సర్వర్ల మీద ఈ టెస్ట్ చేయించండి: నడుస్తున్న నోడ్ పవర్ కార్డ్‌లు పూర్తిగా పీకేయమనండి. రెండో నోడ్ వెంటనే అందుకుంటుందని అందరూ స్క్రీన్ వైపు చూస్తారు. ఏమీ జరగదు. ఎందుకంటే ఫెన్సింగ్‌కి వాడే ఐపీఎమ్‌ఐ కార్డ్ (సర్వర్‌ని దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే చిన్న కంట్రోలర్) కూడా అదే సర్వర్ కరెంటు మీద బతుకుతుంది. కరెంటు పోయాక ఫెన్స్ కమాండ్‌కి జవాబిచ్చేవాళ్ళు లేరు, ఫెన్సింగ్ ఖాయం కాలేదు కాబట్టి క్లస్టర్ కదలకుండా కూర్చుంటుంది. అలా కూర్చోవడమే కరెక్ట్. రెండో లెవెల్‌గా పీడీయూ (సర్వర్లకి కరెంటు పంచే యూనిట్) మీద ఫెన్సింగ్ గానీ, ఎస్‌బీడీ (వాచ్‌డాగ్ టైమర్‌తో నోడ్ తనంతట తానే రీసెట్ అయ్యే పద్ధతి) గానీ ఎందుకు కావాలో ఆ నిశ్శబ్దంలో అర్థమైనంతగా ఏ స్లైడ్‌తోనూ అర్థం కాదు.

ల్యాబ్‌కి ఒక్కొక్కరికి మూడు వర్చువల్ మెషిన్లు ఇవ్వండి. క్వోరం (సగానికి పైగా నోడ్‌లు కలిసి ఉంటేనే పని సాగాలన్న నియమం) సరిగ్గా అర్థమయ్యేది మూడు నోడ్‌లతోనే. తర్వాత రెండుకి తగ్గించి, లింక్ తెగినప్పుడు రెండూ ఒకదాన్నొకటి కాల్చుకోవడం చూపించండి. ఒక వైపు ఫెన్సింగ్‌కి కొన్ని సెకన్లు డిలే పెడితే ఆ గొడవ ఎలా తీరుతుందో, బయట మూడో చోట క్యూడివైస్ (ఏ వైపు నిలవాలో ఓటుతో తేల్చే సర్వీస్) పెడితే ఇంకెంత నయమో అప్పుడు చెప్పండి.

నెట్‌వర్క్ టెస్ట్‌కి ఇంటర్‌ఫేస్ డౌన్ చేయనివ్వకండి, నిజంగా లింక్ తెగినప్పుడు జరిగేది వేరు. ఫైర్‌వాల్‌లో రెండు వైపులా ప్యాకెట్లు డ్రాప్ చేయించండి. సిస్‌ఆర్‌క్యూతో (కెర్నల్‌కి నేరుగా ఆదేశమిచ్చే లినక్స్ సదుపాయం) కెర్నల్‌ని క్రాష్ చేయించండి. నాకు బాగా నచ్చిన టెస్ట్, డేటాబేస్ ప్రాసెస్‌ని చంపకుండా స్టాప్ సిగ్నల్‌తో బిగించేయడం. ప్రాసెస్ లిస్ట్‌లో ఉంటుంది కానీ పని చేయదు. మానిటర్ ఆపరేషన్ ప్రాసెస్ ఉందా లేదా అని మాత్రమే చూస్తోందా, నిజంగా ఒక క్వెరీ వేసి చూస్తోందా అన్నది ఇక్కడ బయటపడుతుంది.

ప్రతి టెస్ట్‌కి ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో, ఎన్ని సెకన్లు పడుతుందో కాగితం మీద రాయించండి. తర్వాత లాగ్ చూసి పోల్చుకోమనండి. తేడా వచ్చినప్పుడు మీరు వెంటనే జవాబు చెప్పకండి. కాస్త టెన్షన్ పడినా పర్లేదు, వెతుక్కోనివ్వండి.

రెండు చిన్న విషయాలు ఎప్పుడూ మర్చిపోతారు. ఏ సర్వీస్‌నైతే క్లస్టర్ చూసుకుంటోందో (వెబ్ సర్వర్, డేటాబేస్ లాంటివి), దాన్ని సిస్టమ్‌డీలో బూట్‌కి ఎనేబుల్ చేసి ఉంచకూడదు. రిసోర్స్‌ని (క్లస్టర్ నడిపే ఐపీ, సర్వీస్ లాంటిది) చేత్తో ఇంకో నోడ్‌కి మార్చితే, క్లస్టర్ కమాండ్ టూల్ అయిన పీసీఎస్ పాత వెర్షన్లలో ఒక లొకేషన్ కన్‌స్ట్రెయింట్ (అది ఏ నోడ్ మీద నడవాలన్న నియమం) మిగిలిపోతుంది. దాన్ని క్లియర్ చేయకపోతే వారాల తర్వాత రిసోర్స్ అనుకోని చోటికి వెళ్తుంది.

చివరి రోజు ప్యాచింగ్ చేయించండి. 99.99 శాతం సమయం సర్వీస్ నడుస్తుందని మాటిస్తే ఏడాదికి దక్కేది దాదాపు 52 నిమిషాల డౌన్‌టైమే. ఒక్కో నోడ్‌ని స్టాండ్‌బైలో పెట్టి, అప్‌డేట్ చేసి, మళ్ళీ లోపలికి తీసుకోవడం ఐదుగురూ విడివిడిగా చేయాలి. పక్కన మీరు కూర్చోండి, కీబోర్డ్ మాత్రం ముట్టుకోకండి.