బామర్ లారీ ఎలాంటి సంస్థ? తేయాకు, గ్రీజు, విమాన టికెట్లు, ఇనుప డ్రమ్ములు అన్నీ ఒకే చోట ఎందుకు?

ఇది ప్రభుత్వ సంస్థా, ప్రైవేటు సంస్థా, ఒకదానితో ఒకటి పొంతన లేని ఇన్ని వ్యాపారాలు ఒకే పేరు మీద ఎలా చేరాయి అని మీరు అడిగారు. చిత్తూరు జిల్లాలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను పద్నాలుగేళ్ళు స్టోర్స్ విభాగం చూసుకున్నాను. నా చేతుల మీదుగా వెళ్ళిన సరుకులో ఖాళీ డ్రమ్ములే ఎక్కువ. అందువల్ల ఈ సంస్థ పేరు నాకు మొదట డ్రమ్ముల ద్వారానే తెలిసింది; చరిత్ర ఆ తర్వాత ఆసక్తి కొద్దీ తెలుసుకున్నాను.

జార్జ్ స్టీఫెన్ బామర్, అలెగ్జాండర్ లారీ అనే ఇద్దరు స్కాట్లండు వారు 1867 ఫిబ్రవరి 1న కలకత్తాలో భాగస్వామ్య సంస్థగా దీన్ని స్థాపించారు. అప్పట్లో బ్రిటిష్ ఇండియాకు కలకత్తాయే రాజధాని. ఆ రేవును ఆసరా చేసుకుని ఎదిగిన వర్తక సంస్థలు ఏ ఒక్క సరుకుకూ కట్టుబడి ఉండేవి కావు. తేయాకు పంపించడం, ఓడల పనులు చూడడం, బీమా, ఇతరుల కంపెనీల నిర్వహణ వంటివన్నీ ఒకే గుమాస్తాల గది నుంచి నడిచేవి. కాబట్టి మీకు పొంతన లేనట్టు కనిపిస్తున్నది ఆ కాలపు వ్యాపార పద్ధతి మిగిల్చిన గుర్తే. ఈ సంస్థ 1924లో ప్రైవేట్ లిమిటెడ్‌గా, 1936లో పబ్లిక్ లిమిటెడ్‌గా మారింది. ఇలా ఇతరుల కంపెనీలను నడిపిపెట్టే మేనేజింగ్ ఏజెన్సీ పద్ధతిని ప్రభుత్వం 1970లో రద్దు చేశాక కలకత్తాలోని అటువంటి సంస్థలు చాలా వరకు చితికిపోయాయి. బామర్ లారీ మాత్రం 1972లో ప్రభుత్వ రంగ చమురు సంస్థ అయిన ఇండో-బర్మా పెట్రోలియం కంపెనీకి అనుబంధంగా ప్రభుత్వ రంగంలోకి వచ్చింది. ఇప్పటికీ అది పెట్రోలియం మంత్రిత్వ శాఖ పరిధిలో ఉండడానికి కారణం ఇదే. కందెనలకూ బ్యారెళ్ళకూ చమురుతో దగ్గరి చుట్టరికమే కనుక ఆ ఏర్పాటు నాకు సహజంగానే తోస్తుంది. ఇండో-బర్మా పెట్రోలియంలోని వాటాను ప్రభుత్వం 2002లో అమ్మే సమయానికి, బామర్ లారీలో ఆ కంపెనీకి ఉన్న 61.8 శాతం వాటాను విడదీసి, అందుకోసమే 2001లో ఏర్పాటైన ప్రభుత్వ కంపెనీ బామర్ లారీ ఇన్వెస్ట్‌మెంట్స్‌కు అప్పగించారు. షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్నా బామర్ లారీ ప్రభుత్వ సంస్థగానే నిలిచింది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఈ పేరు విమాన టికెట్ల వల్ల తెలుసు; అధికారిక ప్రయాణాలకు టికెట్లు కొనవలసిన అధీకృత ఏజెంట్లలో ఇది ఒకటి. గ్రీజు తయారీ, తోలు శుద్ధికి వాడే రసాయనాలు, సరుకు రవాణా, హైదరాబాదులో శీతల గిడ్డంగి కూడా ఉన్నాయి. అయినా నా దృష్టిలో దాని అసలు బలం ఇనుప డ్రమ్ములలోనే ఉంది. ఈ డ్రమ్ముల తయారీలో దేశంలో అదే పెద్దది. చిత్తూరులో కూడా దానికి కర్మాగారం ఉండడానికి కారణం మా తోతాపురి మామిడే.

గుజ్జును వేడి చేసి, సూక్ష్మజీవులు లేకుండా చేసి, చల్లార్చి, గాలి సోకకుండా అసెప్టిక్ (సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన) సంచిలో నింపుతారు. ఆ సంచిని డ్రమ్ములో దించి మూత బిగిస్తారు. ఒక్కో డ్రమ్ములో 215 కిలోలు, 20 అడుగుల కంటైనరులో 80 డ్రమ్ములు, అంటే 17 టన్నులకు పైగా గుజ్జు పడుతుంది. నూనెకు వాడే డ్రమ్ములాగా దీనికి పైన మరలు పెట్టిన రంధ్రాలు ఉండవు; పైభాగం మొత్తం తెరుచుకుంటుంది. కింది వైపు కాస్త సన్నగా ఉండే రకం డ్రమ్ములను గ్లాసుల్లా ఒకదానిలో ఒకటి దోపి తెస్తారు. లేకపోతే లారీ నిండా గాలినే మోసుకొచ్చినట్టు అవుతుంది, బాడుగ తడిసి మోపెడవుతుంది.

ఒక సీజనులో మేము ధర తక్కువని వేరొక సరఫరాదారు దగ్గర కొన్ని డ్రమ్ములు తీసుకున్నాము. లోపలి వెల్డింగు అతుకు మీద సూది మొనంత ఇనుము మిగిలిపోయినా, లారీ కుదుపులకు సంచి దానికి రాసుకుని చిరుగుతుంది. మాకు అదే జరిగింది. రేవుకు చేరేసరికి గుజ్జు పులిసి, ఆరు డ్రమ్ముల మూతలు ఉబ్బిపోయాయి. రైతు ఎండలో కోసి తెచ్చిన పంట అలా పాడైపోవడం చూసి నాకు చాలా రోజులు మనసు మనసులో లేదు. ఆ తర్వాత మా పాత మేస్త్రీ ఒక పద్ధతి నేర్పాడు. చేతిలోకి కొంచెం దూది తీసుకుని, డ్రమ్ములోకి వంగి, అతుకు వెంబడి పైనుంచి కిందికి మెల్లగా తుడవాలి. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుందంటే ఆ డ్రమ్ము పక్కకు వెళ్ళాల్సిందే. సరుకు ఏ సంస్థ నుంచి వచ్చినా, ఉద్యోగం మానేదాకా ప్రతి లారీలోనూ కొన్ని డ్రమ్ములను నేను దూదితో అలాగే చూసి దింపించుకున్నాను.