సరే అనకముందు తేల్చుకోవలసినవి

ప్రశ్న: మా వారికి విదేశంలో మూడేళ్ల ఉద్యోగం వచ్చింది, నెలాఖరులోగా జవాబు చెప్పాలి. వెళితే తొమ్మిదేళ్లుగా చేస్తున్న నా ఉద్యోగం వదులుకోవాలి. బాబుకు ఆరేళ్లు. మొన్న రాత్రి వీసా దరఖాస్తులో ‘డిపెండెంట్’ అన్నచోట ఆయన నా పేరు నింపుతుంటే, పక్కనే కూర్చున్నదాన్ని లేచి వెళ్లిపోయాను. వద్దని చెప్పలేను, మనస్ఫూర్తిగా సరే అనలేను. ఎలా తేల్చుకోవాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు లేచి వెళ్లిపోవడాన్ని నేను అలకగా భావించడం లేదు. దంపతుల వలసను పరిశీలించిన ఆర్థికవేత్త జేకబ్ మిన్సర్ 1978లోనే ఒక మాట స్పష్టం చేశారు: ఇంటి మొత్తం రాబడి పెరుగుతుందంటే కుటుంబం కదులుతుంది, కానీ ఆ మొత్తంలో ఒకరి నష్టం కలిసిపోయి కనబడకుండా ఉంటుంది. మీ ఇంట్లో ఆ నష్టం మీది. దాన్ని ముందుగా ఆయన నోటితో ఒప్పుకోవాలి. ఆ తరువాతే లెక్కలు.

అక్కడ మీకు పని చేసే హక్కు ఉంటుందా అన్నది అన్నిటికన్నా ముందు తెలుసుకోండి. జర్మనీలో బ్లూ కార్డు (నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) పొందినవారి జీవిత భాగస్వామి ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లినవారికి అలా కుదరదు. 2015 నుంచి కొందరికి అనుమతి ఇస్తున్నా, అది సాధారణంగా హెచ్-1బి ఉన్నవారి గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన తరువాతి మాట. వైద్యం, న్యాయవాదం వంటి వృత్తులకైతే వీసా ఒక్కటే చాలదు, అక్కడి లైసెన్సు కూడా కావాలి. ‘వెళ్లాక చూద్దాం’ అన్న మాటతో సరిపెట్టుకుని ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయినవారి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి, అందుకే ఇంతగా చెబుతున్నాను.

బాబు విషయం చెప్పడానికి కష్టంగా ఉన్నా దాచలేను. పిల్లలను అక్రమంగా దేశం దాటించడంపై 1980లో కుదిరిన హేగ్ ఒప్పందం అమలులో ఉన్న దేశాల మధ్య, బిడ్డ స్థిరంగా నివసిస్తున్న దేశం నుంచి తల్లి గానీ తండ్రి గానీ రెండోవారి సమ్మతి లేకుండా తీసుకువెళితే, సాధారణంగా తిరిగి పంపమనే న్యాయస్థానం ఆదేశిస్తుంది. మీ మధ్య అలాంటి పరిస్థితి రాకూడదనే కోరుకుంటాను. అయినా ‘నచ్చకపోతే బాబుతో వచ్చేస్తాను’ అన్న ధీమా మీద మాత్రం ఒప్పుకోకండి. ఏ పరిస్థితిలో ముగ్గురూ కలిసి తిరిగి వస్తారో ఇప్పుడే ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి.

మీ సంస్థలో జీతం లేని దీర్ఘకాలపు సెలవు దొరికే వీలుంటే రాజీనామా అవసరమే రాకపోవచ్చు. ఆయన జవాబు పంపేలోగా మీరు ఆ దరఖాస్తు పెట్టండి.