40 ప్రతులే కావాలి, గట్టి అట్ట ఉండాలి, పేజీలు ఊడకూడదు: ఎలా బైండింగు చేయించాలి?

మీరు అడిగింది ఇదీ: రాయగడలో ఉంటున్నారు. తాతగారి పద్యాలు ఎడమ పేజీలో తెలుగులో, వాటి భావం కుడి పేజీలో ఒడియాలో వేసి, సుమారు 200 పేజీల పుస్తకం 40 ప్రతులు చేయించాలనుకుంటున్నారు. డిజిటల్ ప్రెస్సు వాళ్ళు ఏ4 కాగితాన్ని సగానికి కోసి, వీపుకి గమ్ము వేసి, పైన గట్టి అట్ట తొడిగి ఇస్తామన్నారు. అది నిలుస్తుందా అని మీ అనుమానం.

నిలవదండి. అట్ట నిలుస్తుంది, లోపలి పేజీలు నిలవవు. గమ్ము బైండింగులో ప్రతి కాగితమూ దాని అంచు మందం మీదే ఆధారపడి ఉంటుంది. వేడిగా కరిగించి పూసే ఆ గమ్ము ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది. మీ పుస్తకానికి ఇంకో చిక్కు కూడా ఉంది. పద్యం ఒకవైపు, భావం ఒకవైపు ఉన్నప్పుడు రెండు పేజీలూ ఒకేసారి కనబడాలి, అంటే పుస్తకం బల్ల మీద పరుచుకోవాలి. గమ్ము బైండింగుని అలా పరిస్తే వీపు చిట్లుతుంది. కొందరు అంచుకి అర అంగుళం లోపల కన్నాలు పొడిచి పక్కకుట్టు వేస్తారు. మా వైపు ఆఫీసు ఫైళ్ళకీ పాత రికార్డులకీ అదే కుట్టు. బలంగానే ఉంటుంది కానీ పుస్తకం సగమే తెరుచుకుంటుంది, లోపలి అంచున ఉన్న అక్షరాలు మడతలోకి పోయి కనబడవు. మీకు కావలసింది ఫారాల కుట్టు, అంటే మడిచిన కాగితాల్ని ఒకదానిలో ఒకటి పెట్టి చిన్న కట్టలు (ఫారాలు) చేసి, వాటి మడతలోంచి దారంతో కుట్టడం.

పర్లాకిమిడిలో మాది బైండింగు షాపు. నాన్నగారి రోజుల్లో రిజిస్టర్లు, ఖాతా పుస్తకాలు ఎక్కువ. ఇప్పుడు మీలాంటి వాళ్ళ ఇంటి పుస్తకాలు, థీసిస్‌లు, లైబ్రరీల పాత పుస్తకాలు వస్తున్నాయి. కుట్టు కావాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను. తీరం దాటింది పలాస వైపు, కానీ మా గజపతి జిల్లా కూడా వరదలో మునిగింది. ఆ తరవాత నెలల తరబడి తడిసిన పుస్తకాలే షాపుకి వచ్చాయి. మైదా జిగురుతో, నూలు దారంతో కట్టిన పాత పుస్తకాల అట్టలు ఊడిపోయాయి, కానీ ఫారాలు ఫారాలుగానే ఉన్నాయి. పేజీల మధ్య పీల్చే కాగితం పెట్టి ఆరబెట్టి, కొత్త అట్టలు వేసి ఇచ్చాం. గమ్ము బైండింగు పుస్తకాలు విడి కాగితాలై, వరస తప్పి వచ్చాయి. మెరిసే ఆర్ట్ పేపర్ వాడినవి ఒక్క ముద్దయిపోయాయి, వాటిని ఎవరూ విడదీయలేకపోయారు. అందుకే మీరు ఆర్ట్ పేపర్ జోలికి వెళ్ళకండి. మెరుపు లేని మామూలు అచ్చు కాగితం, మ్యాప్‌లిథో అంటారు, 80 జీఎస్ఎంది (చదరపు మీటరుకి 80 గ్రాములు) చాలు. రాయగడ పక్కనే జేకేపూర్‌లో జేకే వారి మిల్లు ఉంది కాబట్టి మంచి కాగితం దొరకడం మీకు కష్టం కాదు.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చాలా ప్రెస్సుల్లో దీన్ని పట్టించుకోరు. కాగితంలో నార అంతా ఒక దిక్కుకే పోతుంది, దాన్నే గ్రెయిన్ అంటాం. ఆ దిక్కు పుస్తకం వీపుకి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే పేజీలు బిర్రుగా నిలబడతాయి, మడత దగ్గర పగుళ్ళు వస్తాయి, వానాకాలంలో వీపు పొడవునా అలలు లేస్తాయి. బజార్లో దొరికే ఏ4లో గ్రెయిన్ సాధారణంగా పొడవు వైపే ఉంటుంది. దాన్ని సగానికి మడిచినా, కోసినా గ్రెయిన్ అడ్డం పడుతుంది. అనుమానం వస్తే అగ్గిపెట్టె అంత ముక్క కోసి, ఏ వైపు ఎటు ఉండేదో గుర్తు పెట్టుకుని, ఒక వైపు తడి చేయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటు ఉందో గ్రెయిన్ అటే. అట్టకీ, ఎండ్ పేపర్లకీ (పుస్తకాన్ని అట్ట లోపలి వైపుకి కలిపే ముందూ వెనకా కాగితాలు), పైన వేసే గుడ్డకీ ఇదే లెక్క. అన్నీ ఒకే దిక్కున ఉంటే అట్ట వంగే గొడవ చాలా మటుకు తగ్గుతుంది.

కాబట్టి ప్రెస్సు వాళ్ళకి ఇలా చెప్పండి. 12 ఇంటూ 18 అంగుళాల షీటు, గ్రెయిన్ 18 వైపు ఉన్నది వాడమనండి. ప్రింటు అయ్యాక షీటుని 9 ఇంటూ 12 ముక్కలుగా రెండు చేయించండి. ఒక్కో ముక్కని 12 వైపు సగానికి మడిస్తే 6 ఇంటూ 9 పేజీలు 4 వస్తాయి, గ్రెయిన్ వీపు వెంటే ఉంటుంది. అలా మడిచిన 4 ముక్కలు ఒకదానిలో ఒకటి పెడితే 16 పేజీల ఫారం. చివరికి అంచులు కోయించాక మనకి అలవాటైన డెమ్మీ 1/8 సైజు, అంటే ఐదున్నర ఇంటూ ఎనిమిదిన్నర మిగులుతుంది. పేజీలు 16తో భాగించబడాలి కనుక మీ 200ని 208 చేయండి, 13 ఫారాలు అవుతాయి. పుస్తకానికి 26 పెద్ద షీట్లు, 40 ప్రతులకి 1040. చెడిపోయేవాటి కోసం కొన్ని ఎక్కువ వేయించండి. డీటీపీ చేసేవారు పుస్తకం మొత్తాన్ని ఒకే బుక్‌లెట్‌గా కాకుండా 16 పేజీలకి ఒక బుక్‌లెట్ చొప్పున పేజీలు అమర్చాలి. తెలుగు పద్యం ఎప్పుడూ సరి సంఖ్య పేజీలో పడాలి, లేకపోతే భావం వెనక పేజీకి వెళ్ళిపోతుంది. ప్రింటుకి ముందు ఒక ఫారం నకలు తీయించి, మీ చేత్తో మడిచి చూడండి.

కుట్టుకి దారం లినెన్‌ది దొరికితే మంచిది. లేకపోతే గట్టి నూలు దారాన్ని తేనెమైనం మీద లాగి వాడతాం. నైలాన్ వద్దండి, అది కాగితాన్ని కోసేస్తుంది. దారం మరీ లావుగా ఉంటే 13 ఫారాల వీపు ఉబ్బిపోతుంది, మరీ సన్నగా ఉంటే ఫారం చీలుతుంది. ఫారాల్ని వీపు మీద అడ్డంగా ఉంచిన నాడాలకి పట్టించి కుడతాం, ఈ సైజుకి 3 చాలు. బట్టల కొట్లో దొరికే బల్లపరుపు నూలు నాడాయే. గట్టి అట్ట ముక్క మీద కన్నాల గుర్తులు పెట్టుకుని, ప్రతి ఫారం మడతలోనూ అదే కొలతతో దబ్బనంతో పొడవాలి. పైనా కిందా అర అంగుళం లోపల, ఒక ఫారాన్ని దాని కింది ఫారానికి కలిపే ముడి కుట్టుకి ఒక్కో కన్నం, ప్రతి నాడాకీ అటొకటి ఇటొకటి, మొత్తం 8. అంచులు కోసేటప్పుడు ముడి కుట్టు తెగకుండా ఆ అర అంగుళాన్ని కోత తరవాతి సైజుకి లెక్క వేయండి.

తక్కువ ప్రతులకి బాగా కలిసొచ్చే పద్ధతి ఒకటి ఉంది. చెక్క ఫ్రేముకి నాడాలు బిగించి, ఒక పుస్తకం పూర్తవగానే దాని మీదే రెండోది, ఆ పైన మూడోది కుట్టుకుంటూ పోతాం. నాడాలు పొడవుగా ఉంచుకుని, తరవాత పుస్తకాల్ని జరిపి, ఒక్కోదానికి రెండు వైపులా అంగుళంన్నర మిగిలేలా కత్తిరిస్తాం. మిషన్ లేకుండానే పని తొందరగా సాగుతుంది, అన్నింటిలోనూ బిగువు ఒకేలా వస్తుంది. ఇద్దరు కూర్చుంటే ఒకరు పొడుస్తారు, ఒకరు కుడతారు. ఒకే పుస్తకాన్ని మాత్రం ఇద్దరు కుట్టకూడదు. ఒక్కో చేతి బిగువు ఒక్కోలా ఉంటుంది.

కుట్టాక ఎండ్ పేపర్లు. 120 జీఎస్ఎం కాగితాన్ని మడిచి, వీపు వైపు 3 మిల్లీమీటర్ల మేర మాత్రమే జిగురు రాసి అతికించండి. తరవాత వీపుకి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పల్చగా పూసి, ఆరాక కట్టింగ్ మిషన్ మీద మూడు వైపులా కోయించాలి. బ్లేడు పదును ఉందో లేదో ముందు చిత్తు కాగితాల మీద చూపించమనండి. అంచు గీతలు పడ్డాక ఇక సరిచేయలేం. ఈ మందానికి వీపు గుండ్రం చేయక్కర్లేదు, చదునుగా ఉంచవచ్చు. వీపు మీద పల్చని గాజ్ గుడ్డ (గాయాలకి కట్టే జాలీ గుడ్డ లాంటిది), రెండు పక్కలా అంగుళం చొప్పున బయటికి వచ్చేలా అతికించి, దాని పైన బ్రౌన్ కాగితం ఒక పొర. పుస్తకాన్ని అట్టకి పట్టి ఉంచేవి ఆ గుడ్డ చెవులూ నాడాల చివరలే. మామూలు షాపుల్లో ఎక్కువగా మిగుల్చుకునేది ఇక్కడే, కాబట్టి అడిగి చూసుకోండి.

అట్టకి 2 లేదా రెండున్నర మిల్లీమీటర్ల గ్రే బోర్డు. పసుపురంగు స్ట్రాబోర్డు చవకే, కానీ మూలలు తొందరగా నలుగుతాయి, చెమ్మ పీలుస్తుంది. ఎత్తు పుస్తకం కంటే 6 మిల్లీమీటర్లు ఎక్కువ, వెడల్పు 3 మిల్లీమీటర్లు తక్కువ. వీపు పట్టీ వెడల్పు పుస్తకం మందంతో పాటు రెండు అట్టల మందం. పట్టీకీ అట్టకీ మధ్య కీలు కోసం 8 మిల్లీమీటర్ల దాకా ఖాళీ. ఈ ఖాళీ తగ్గితే పుస్తకం తెరుచుకోదు, పెరిగితే అట్ట వదులుగా ఊగుతుంది. ఒకటి చేసి, తెరిచి మూసి చూశాకే మిగతా 39కి బోర్డు కోయండి. ఎంత జాగ్రత్తగా కుట్టినా అన్ని పుస్తకాల మందమూ ఒకేలా రాదు, అందుకని వాటిని పల్చనివీ మందమైనవీ రెండు మూడు గుంపులుగా వేరు చేసి, గుంపుకో వీపు పట్టీ కొలత పెట్టుకుంటాం.

పైన వేసే గుడ్డ గురించి నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది. రెక్సిన్ వద్దండి. థీసిస్‌లకి అది వాడుక, కానీ కొన్నేళ్ళకి బంకగా మారడమో పొరలు లేవడమో జరుగుతుంది. కాలికో మంచిదే, బైండింగుకే తయారైన గుడ్డ కనుక జిగురు పైకి రాదు. అయితే మీరు ఉన్న చోట అంతకంటే మంచి వస్తువు దొరుకుతుంది. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత గుడ్డ ఉంది చూశారూ, ఆల్ చెట్టు వేరుతో ఎరుపు, ముదురు గోధుమ రంగులు అద్దేది, అది కాస్త ముతకగా, ఒత్తుగా ఉంటుంది, చేతికి పట్టు దొరుకుతుంది. తాతగారి పద్యాలకి అంతకంటే తగిన బట్ట నాకు తోచదు. సరిహద్దుకి అవతల శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు కూడా వాడొచ్చు, కానీ అది సన్నన, తెలుపు తొందరగా మాస్తుంది. బరంపురం పట్టు అందంగా ఉంటుంది, కానీ అంచులు దారాలు లేస్తాయి, జిగురు మచ్చ పడితే పోదు.

ఏ నేత గుడ్డైనా నేరుగా అట్టకి అతికిస్తే జిగురు రంధ్రాల్లోంచి పైకి వస్తుంది. ముందు దానికి వెనక కాగితం వేయాలి. తడిపి పిండిన గుడ్డని నున్నటి బల్ల మీద బోర్లా పరిచి, పోగులు తిన్నగా సర్దుకుని, పల్చని తెల్ల టిష్యూ కాగితానికి మైదా జిగురు రాసి దాని మీద పరిచి, బ్రష్షుతో మధ్యలోంచి బయటికి అద్దండి. అంచుల్ని చెక్క మీద అతికించి పూర్తిగా ఆరనివ్వాలి. గాలిపటాల రంగు కాగితం వాడకండి, తడికి రంగు దిగుతుంది. గుడ్డ రంగు కూడా తడి తెల్ల గుడ్డతో రుద్ది చూసుకోండి.

మైదా జిగురు ఒక వంతు పిండికి ఐదు వంతుల నీళ్ళు. ఉండ కట్టకుండా కలుపుతూ, తెల్లదనం పోయి అద్దంలా అయ్యేదాకా ఉడికించి, చల్లారాక గుడ్డలో వడకట్టాలి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం మనవైపు పాత అలవాటు. నేను కలపను. అది విషం, పైగా రాగి చేరిన కాగితం తొందరగా నలుపెక్కి చివికిపోతుంది. రోజుకి సరిపడా ఉడికించుకుని మిగిలింది పారబోస్తే చాలు. అట్టకి గుడ్డ అతికించడానికి తెల్ల జిగురు, ఎండ్ పేపర్లకి మైదా జిగురూ తెల్ల జిగురూ కలిపింది వాడతాం. మైదా జిగురు నెమ్మదిగా ఆరుతుంది కనుక సర్దుకోవడానికి టైము ఉంటుంది. తెల్ల జిగురు పల్చన చేయాలంటే నీళ్ళు పోయకండి, మైదా జిగురే కలపండి.

పుస్తకాన్ని అట్టలో పెట్టాక, ఎండ్ పేపరు కింద ప్లాస్టిక్ కాగితం పెట్టి, కీలు గాడిలో ఊలు అల్లే సూదులు పెట్టి, ప్రెస్సులో గానీ బరువు కింద గానీ రాత్రంతా ఉంచండి. వానల్లో ఒక రాత్రి చాలదు, పీల్చే కాగితాలు మారుస్తూ రెండు మూడు రోజులు ఉంచాలి. వీలైతే పని కార్తీకం తరవాతే పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా షాపులో బోర్డే చెమ్మగా ఉంటుంది.

పేరు సంగతి. బంగారు రంగు ఫాయిల్ అచ్చుకి లోహపు బ్లాకు చేయించాలి, 40 ప్రతులకి ఆ ఖర్చు ఎక్కువే. చేయిస్తే తెలుగు వత్తులూ ఒడియా గుండ్రాలూ పూడిపోకుండా అక్షరాలు పెద్దవిగా, గీత మరీ సన్నం కాకుండా చూడండి. నాకు నచ్చేది వేరు. అట్ట మీద పల్చటి పొర చెక్కి చిన్న పల్లం చేసి, గుడ్డ వేశాక అందులో ముద్రించిన కాగితం లేబుల్ అతికించడం. అంచులు రాసుకుపోవు, రెండు లిపులూ స్పష్టంగా ఉంటాయి.

ఒకవేళ ప్రెస్సు వాళ్ళు ఇప్పటికే విడి కాగితాలుగా ప్రింటు చేసేసి ఉంటే ఫారాల కుట్టు కుదరదు. అప్పుడు వేడి గమ్ము వద్దని చెప్పి, కాగితాల కట్టని బిగించి, వీపుని ఒకసారి అటూ ఒకసారి ఇటూ వాల్చి తెల్ల జిగురు పట్టించమనండి. ప్రతి కాగితానికీ రెండు పక్కలా సన్నని గీతంత జిగురు పడుతుంది, మామూలు గమ్ము కంటే చాలా నయం.

ఇంకొకటి. కుట్టకుండా రెండు సెట్లు ఫారాలుగానే మడిచి, కాగితంలో చుట్టి పెట్టుకోండి. ఎప్పుడైనా ఒక ప్రతిలో ఫారం చిరిగితే దాన్ని విప్పి ఆ ఒక్క ఫారమే మార్చి మళ్ళీ కుట్టవచ్చు. మీ రాయగడలో కుట్టు తెలిసిన బైండరు దొరక్కపోతే బరంపురంలో యూనివర్సిటీ థీసిస్‌లు చేసే షాపుల్లో అడగండి, పెద్దవాళ్ళకి ఈ పని తెలిసే ఉంటుంది. ముందు వాళ్ళు కట్టిన పుస్తకం ఒకటి తీసుకుని సరిగ్గా మధ్య ఫారం దగ్గర తెరిచి, లోపల దారం కనబడుతోందో లేదో చూడండి.