‘చూసి ఉన్నాను’ అని ఎవరంటారు? – భాషపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పోటీ పరీక్షకు చదువుతున్నాను. మాక్ టెస్టులో ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అని రాస్తే కొట్టేశారు. ‘హావ్ సీన్’ అంటే ‘చూసి ఉన్నాను’ అనే కదా బడిలో చెప్పింది?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

మిమ్మల్ని ముంచిందే ఆ ‘చూసి ఉన్నాను’. మీ ఊరి బస్టాండులో గంటసేపు చెవులు రిక్కించుకొని నిలబడండి, ఒక్కరి నోట ఆ మాట రాదు. నిన్న చూసినా ‘చూసిన’, ఇప్పుడే చూసినా ‘చూసిన’ అంటాం. మనకు ఒకటే రూపం. ఇంగ్లీషు దాన్ని ‘సా’, ‘హావ్ సీన్’ అని రెండుగా చీలుస్తుంది. పాఠ్యపుస్తకాలు రెండో ముక్కకు లేని తెలుగును పుట్టించి అతికించాయి, అక్కడే వచ్చింది తంటా.

‘సాగర్ గేట్లు ఎత్తిండ్రు’ అని ఫోనొచ్చిందనుకోండి. నీళ్లు ఇంకా దూకుతున్నాయి, బండి తీస్తే చూసి రావచ్చు. ఇది ‘దే హావ్ ఓపెన్డ్ ద గేట్స్’. అదే మాటకు ‘మొన్న ఆదివారం’ చేర్చారంటే ‘హావ్’ పోవాల్సిందే: ‘దే ఓపెన్డ్ ద గేట్స్ లాస్ట్ సండే’. ఆనాడెత్తిన 26 గేట్లూ ఇవాళ్టికీ తెరిచే ఉన్నా ఇంతే. పనిని గడిచిపోయిన రోజుకు కట్టేశారు కాబట్టి ‘హావ్’కు చోటు లేదు. ఆ డ్యామ్‌కు నెహ్రూ 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేశారు. అక్కడ ‘లెయిడ్’ అనాలి, ‘హాజ్ లెయిడ్’ కుదరదు.

‘దిస్ మార్నింగ్’ దగ్గర జాగ్రత్త. పొద్దున పదింటికి మాట్లాడుతుంటే ‘హావ్’ నడుస్తుంది, సాయంత్రం ఐదింటికైతే ఆ పొద్దు గడిచిపోయింది, మామూలు భూతకాలమే. అభ్యాసానికి రోజూ పది తెలుగు వాక్యాలు రాసుకోండి. ‘ఎప్పుడు?’ అన్న ప్రశ్నకు జవాబు వాక్యంలోనే ఉంటే దాని కింద గీత గీయండి. గీత పడ్డది గడిచిపోయిన సమయమైతే ఆ వాక్యంలో ‘హావ్’ వాడొద్దు. ‘జస్ట్’, ‘ఆల్రెడీ’, ‘యెట్’ ఉన్నవాటికి ‘హావ్’ పెట్టండి. అమెరికా వాళ్లు ఇక్కడ కొంచెం వదులుగా ఉంటారు గానీ మన పరీక్షల్లో బ్రిటిష్ పద్ధతే క్షేమం.

మీ ఉత్తరంలోనే ఇంకోటి కనబడింది: ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’. ‘ఐదేళ్ల నుంచి ఉంటున్న’ అని తెలుగులో వర్తమానమే వాడతాం కదా, అది అట్లాగే దిగింది. ‘హావ్ బీన్ లివింగ్’ అనాలి. ‘నుంచి’ కూడా రెండవుతుంది: ఐదేళ్లు కొలత, దానికి ‘ఫర్’; 2020 మొదలైన చోటు, దానికి ‘సిన్స్’.

ప్రశ్న: ఆరో తరగతి పిల్లలు ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అంటున్నారు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే.
– ఉపాధ్యాయురాలు, దేవరకొండ

దిద్దడం కాదు మేడమ్, క్రియలను వేరు చేయించండి. తత్వవేత్త జీనో వెండ్లర్ 1957లోనే వాటిని నాలుగు రకాలుగా చూపించారు: ఊరికే ఉండే స్థితి (తెలుసు), సాగే పని (ఉరుకు), ముగింపున్న పని (ఇల్లు కట్టు), క్షణంలో అయిపోయేది (చేరు). బోర్డు మీద రెండు గళ్లు చాలు: స్థితి ఒకవైపు, మిగతావన్నీ ఇంకోవైపు. ‘ఉరుకుడు ఆపు’ అనమనండి, అంటారు. ‘తెలుసుడు ఆపు’ అనమంటే వాళ్లే నవ్వుతారు. ఆపమనలేనిది స్థితి, దానికి ‘-ఇంగ్’ తగిలించొద్దు.

ఈ చిట్కా అన్నిచోట్లా పనిచేయదు. ‘నమ్ముతున్న’, ‘అనుకుంటున్న’ అని మనం హాయిగా అంటాం, అందుకే ‘బిలీవింగ్’ వచ్చేస్తుంది. బిలీవ్, వాంట్, లైక్, అండర్‌స్టాండ్, ఓన్ – వీటిని కంఠస్థం చేయించక తప్పదు. ‘హావ్’ది రెండు నాల్కలు: అన్నదమ్ములుంటే ‘ఐ హావ్’, అన్నం తింటుంటే ‘ఐ యామ్ హావింగ్ లంచ్’. ‘-ఇంగ్’ను ప్లే, రన్‌లతో మొదలుపెట్టండి, భూతకాలాన్ని ఫాల్, బ్రేక్, ఫినిష్‌లతో. నేర్చుకునేవాళ్లకు ఆ జోడీలే ముందు పట్టుబడతాయి.

ప్రశ్న: మా బ్యాంకుకు బీహార్ నుంచి వచ్చిన సార్‌కు తెలుగు నేర్పుతున్నాం. ‘ఆమె రాలేదు’ అంటే రాలేదనా, రావడం చేతకాదనా అని అడుగుతున్నారు.
– జడ్చర్ల

సార్ చెవి గట్టిది. రెండూ అవుతాయి! జరగలేదని చెప్పే ‘లేదు’ ఎవరికైనా మారదు: నేను రాలేదు, వాళ్లు రాలేదు. చేతకాదనే ‘లే’ మనిషిని బట్టి మారుతుంది: రాలేను, రాలేవు, వాడు రాలేడు, వాళ్లు రాలేరు. ‘ఆమె’, ‘అది’ దగ్గర మాత్రం రెండూ ‘రాలేదు’ అయి కలిసిపోతాయి. మన దిక్కు జనం జరగనిదాన్ని ‘రాలే’ అని కురచ చేస్తారు, చేతకానిదాన్ని ‘ఆమెతోని కాదు’ అంటారు కాబట్టి కౌంటర్ దగ్గర అంత ఇబ్బంది రాదు. ‘వస్తలేడు’ అన్నది ఇంకో సంగతి, ఇప్పుడు రావడం లేదని.

ముందు నేర్పాల్సింది ‘రావాలె’కు ఎదురుమాట. అది ఒకటి కాదు, రెండు. ‘రేపు రావద్దు’ అంటే ఖాతాదారు మొహం మాడుతుంది. ‘రేపు రావాల్సిన పని లేదు’ అంటే దండం పెట్టి పోతాడు.